అప్పుడప్పుడూ ట్రిప్ అయ్యే ఇల్లు: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

తెల్లవారుజామున మూడింటికి ఫ్యాను ఆగిపోతుంది. ఉక్కపోతకు మెలకువ వస్తుంది. బయట వీధి దీపం వెలుగుతూనే ఉంటుంది, పక్కింటి ఏసీ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఫోన్ టార్చ్ వేసుకుని డీబీ (ఇంటి కరెంటు స్విచ్‌లన్నీ ఉండే పెట్టె) దగ్గరకు వెళ్తే ఒక స్విచ్ కిందికి పడి ఉంటుంది. ఎత్తితే కరెంటు వచ్చేస్తుంది, ఏమీ జరగనట్టే. మళ్లీ నాలుగు రోజులకు, ఈసారి మిట్టమధ్యాహ్నం.

ఖమ్మంలో మా ఇంట్లో ఇది రెండు నెలలు సాగింది. ముగ్గురు ఎలక్ట్రీషియన్లు వచ్చారు. మొదటాయన ఆర్‌సీసీబీ (కరెంటు ఎక్కడైనా బయటికి జారితే తెంపేసే స్విచ్) మార్చారు. రెండో ఆయన దాన్ని తీసి ఇంకో కంపెనీది బిగించారు. మూడో ఆయన "ఇది తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తాను సార్, మీకు టెన్షన్ ఉండదు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఆ రోజు నుంచి నేనే ఒక నోట్‌బుక్ పెట్టుకుని వెతకడం మొదలుపెట్టాను. మూడు వారాల్లో దొరికింది. అప్పుడు నేర్చుకున్నదే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇందులో మీ చేతులతో మీరు చేయాల్సినవి మూడే: స్విచ్‌లు ఎత్తడం దించడం, ప్లగ్‌లు పీకడం, రాసుకోవడం. డీబీ మూత విప్పి వైర్లు ముట్టుకునే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌దే. మెయిన్ ఆఫ్ చేసినా దానిలోకి మీటరు వైపు నుంచి వచ్చే వైర్లలో కరెంటు ఉంటుందన్నది చాలామందికి తెలియదు. చేతులు తడి లేకుండా, కాళ్లకు పొడి చెప్పులతో ఉండండి. కుళాయి తిప్పినా, గోడ ముట్టుకున్నా జిల్లుమంటుంటే వెతుకులాట అక్కడితో ఆపేయండి. మెయిన్ దించేసి మనిషిని పిలవండి.

మొదట: పడింది ఏది?

సగం ఇళ్లలో తప్పుదారి పట్టేది ఇక్కడే. "ట్రిప్ అవుతోంది" అని ఫోన్ చేస్తాం, ఏది ట్రిప్ అయిందో చెప్పం. డీబీలో రెండు రకాల పరికరాలుంటాయి. సన్నగా, వరుసగా ఉండేవి ఎంసీబీలు. వాటి మీద సి 10, సి 16, సి 20 లాంటి గుర్తులుంటాయి. వాటికంటే వెడల్పుగా, పక్కన ఒక చిన్న టెస్ట్ బటన్‌తో ఉండేది ఆర్‌సీసీబీ. పాతకాలపు అలవాటుతో కొందరు దీన్ని ఈఎల్‌సీబీ అంటారు. కొన్ని ఇళ్లలో రెండు పనులూ చేసే ఆర్‌సీబీఓ ఉంటుంది. దానికీ టెస్ట్ బటన్ ఉంటుంది, ఎంసీబీ మీద ఉన్నట్టు సి 16 లాంటి గుర్తు కూడా ఉంటుంది.

ఈ రెండూ చూసేది వేర్వేరు తప్పుల్ని. ఎంసీబీ చూసేది కరెంటు ఎక్కువైందా అని. ఓవర్‌లోడ్ అయినా, షార్ట్ సర్క్యూట్ అయినా అది పడుతుంది. ఆర్‌సీసీబీకి ఆ లెక్కతో పని లేదు. ఫేజులో వెళ్లినంత కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అన్నదే దాని లెక్క. తేడా వచ్చిందంటే ఆ కరెంటు ఎక్కడో ఇనుములోకి, తడి గోడలోకి, లేదా మనిషిలోకి పోతోందని అర్థం. ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ మీద 30 మిల్లీ ఆంపియర్లు అనో, 0.03 అనో ఉంటుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలగడానికి తీసుకునే కరెంటు అంతకంటే ఎక్కువే. ప్రమాణాల ప్రకారం 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 లోపు పడకూడదు, 30 దాటితే తప్పకుండా పడాలి. అంటే 20 దగ్గరే పడినా దానిలో లోపం లేదు. మా ఇంట్లో రెండుసార్లు మార్చినది ఇలాంటి ఏ లోపమూ లేనిదాన్నే.

కాబట్టి ఈసారి పడినప్పుడు తొందరపడి ఎత్తకండి. ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ఎత్తిన వెంటనే టక్కున మళ్లీ పడిపోతే రెండోసారి ఎత్తి చూడండి, మూడోసారి వద్దు. పడిన స్విచ్ మధ్యలో ఆగిపోయి కనిపిస్తే పూర్తిగా కిందికి దించి అప్పుడు ఎత్తాలి.

అపార్ట్‌మెంట్లో ఉంటే మీ ఫ్లాట్‌లో ఏదీ పడకుండా కింద మీటర్ల గదిలోది పడుతుండవచ్చు. అదీ చూడండి. ఏదీ పడకుండానే లైట్లు మసకబారి, మళ్లీ ఒక్కసారిగా కళ్లు చెదిరేంత వెలుగుతుంటే అది ట్రిప్పింగ్ సమస్యే కాదు, న్యూట్రల్ వదులైందని అనుమానించాలి. 230 వోల్టులు రావాల్సిన చోట 400 వోల్టుల దాకా వచ్చి టీవీ, ఫ్రిజ్ అన్నీ కాలిపోతాయి. వెంటనే మెయిన్ ఆఫ్ చేసి 1912కి ఫోన్ చేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కరెంటు ఫిర్యాదుల నంబరు అదే.

రెండోది: నోట్‌బుక్

రోజూ ఒకే సమయానికి వచ్చే తప్పును ఎవరైనా పట్టుకుంటారు. అప్పుడప్పుడూ వచ్చేదానితోనే చిక్కు. ఎలక్ట్రీషియన్ వచ్చిన అరగంటలో అది రాదు. ఆయన వెళ్లిపోయాక వస్తుంది. అందుకే ఆయన చూడలేనిది మీరు రాసిపెట్టాలి.

పడిన ప్రతిసారీ ఇవి రాయండి: తేదీ, సమయం, ఏది పడింది, ఆ నిమిషంలో ఇంట్లో ఏమేం నడుస్తున్నాయి, అంతకు అయిదు నిమిషాల ముందు ఎవరు ఏ స్విచ్ వేశారు, వాన పడిందా, ఎత్తగానే నిలబడిందా లేక కాసేపటికి గానీ నిలబడలేదా. ఇంట్లో అందరికీ చెప్పండి. మా ఇంట్లో మా అమ్మ రాసిన ఒక వాక్యం నా పది వాక్యాల కంటే ఎక్కువ పనికొచ్చింది: "ఎవరూ ఏమీ వేయలేదు, అందరం పడుకున్నాం, ఫ్రిజ్ ఒక్కటే."

రాసింది చదివితే కొన్ని సంగతులు వాటంతట అవే బయటపడతాయి. వాన పడిన రోజో, మర్నాడో పడుతుంటే బయటి లైట్లు, మేడ మీది స్విచ్‌బోర్డు, స్లాబులోని పైపులు చూడాలి. పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్యే అయితే గీజరు, మోటారు. ఎత్తగానే నిలబడకుండా అరగంట తర్వాత నిలబడితే తడి, లేదా వేడి. ఎవరూ ఏమీ ముట్టుకోకుండా పడుతుంటే, తనంతట తాను ఆన్ అయ్యే వస్తువు. ఇంట్లో అలాంటివి ఎన్నో ఉండవు: ఫ్రిజ్, ఏసీ, ఇన్వర్టర్, ఆటోమేటిక్ స్టార్టర్ ఉన్న మోటారు, వాటర్ ప్యూరిఫయర్.

ఉరుములు మెరుపులు ఉన్న రాత్రి ఒక్కసారి పడి మళ్లీ పడకపోతే దాని గురించి వెతకక్కర్లేదు.

మూడోది: ప్లగ్‌లు పీకి సగం సగం చేయడం

ఇది ఆర్‌సీసీబీ పడుతున్న ఇళ్లకు. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి. ఎందుకంటే గోడ మీది స్విచ్ తెంపేది ఒక్క ఫేజునే, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. మిక్సీలోనో గీజరులోనో న్యూట్రల్ వైరు వెళ్లి బాడీకి తగిలి ఉంటే, దాని స్విచ్ ఆపి ఉన్నా ఆర్‌సీసీబీ పడుతుంది. పైగా అది పడేది ఆ వస్తువు నడిచినప్పుడు కాదు, ఇంట్లో మరో పెద్ద లోడు నడిచినప్పుడు. ఇస్త్రీ పెట్టె పెట్టగానే పడుతుంది, మనం ఇస్త్రీ పెట్టెను తిడతాం. తప్పు చేసింది నెలరోజులుగా వాడకుండా మూలన ప్లగ్‌లో ఉన్న ఇంకేదో అయివుంటుంది.

ప్లగ్‌తో ఉన్న వస్తువులన్నీ ఒక కాగితం మీద రాయండి. రెండు గుంపులు చేయండి. మొదటి గుంపు ప్లగ్‌లు పీకేసి ఇల్లు మామూలుగా నడపండి. ట్రిప్ అయితే తప్పు రెండో గుంపులోనో వైరింగులోనో ఉంది. అవ్వకపోతే మొదటి గుంపులో ఉంది. ఉన్న గుంపును మళ్లీ సగం చేయండి.

ఎన్ని రోజులు చూడాలన్నదే అసలు ప్రశ్న. ఇక్కడ ఓపిక లేకపోతే పడ్డ శ్రమంతా వృథా. రోజుకొకసారి పడే ఇల్లయితే మూడు నాలుగు రోజులు పడకుండా ఉంటేనే ఆ గుంపును అనుమానించండి. వారానికొకసారి పడే ఇల్లయితే రెండు రోజులు పడలేదన్న దానికి అర్థమే లేదు, మూడు వారాలు చూడాలి. ఎలక్ట్రీషియన్ ఏదో మార్చి వెళ్లాక రెండు రోజులు బాగుండగానే "తగ్గిపోయింది" అనుకోవడం, డబ్బులిచ్చేయడం, మళ్లీ మొదలవడం ఇందుకే జరుగుతుంది.

మా ఇంట్లో ఈ పరీక్ష దానంతట అదే జరిగింది. రెండు రోజులు ఊరెళ్తూ ఫ్రిజ్ ఒక్కటి తప్ప అన్ని ప్లగ్‌లూ పీకేశాను. తిరిగొచ్చేసరికి ఇల్లంతా చీకటి, ఆర్‌సీసీబీ పడి ఉంది, ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయి ఉన్నాయి.

ఎక్కువసార్లు దొరికే దొంగలు

*ఫ్రిజ్.* అది కొత్తదని, చల్లగానే ఉందని దాని జోలికి ఎవరూ వెళ్లరు. రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో ఐసు కరిగించడానికి వెనుక ఒక చిన్న హీటరు ఉంటుంది. కొన్ని గంటలకొకసారి కంప్రెసర్ ఆగి ఆ హీటరు కాసేపు వెలుగుతుంది. హీటరు సీలు పాడై లోపలికి తేమ చేరితే కరెంటు బాడీలోకి జారుతుంది. వెలిగిన ప్రతిసారీ కాదు, లీకేజీ ఆ 30 గీత దగ్గరకు వచ్చినప్పుడే పడుతుంది. అందుకే రాత్రి మూడింటికీ పడుతుంది, మధ్యాహ్నం రెండింటికీ పడుతుంది. మాకు దొరికింది ఇదే. మెకానిక్ ఆ హీటరు ఒక్కటి మార్చారు, అంతే.

*గీజరు.* బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉండే మన ఊళ్లలో ఎలిమెంటు మీద తెల్లగా పొర కడుతుంది. దాని కింద వేడి పెరిగి పైతొడుగు పగులుతుంది, నీళ్లు లోపలికి చేరతాయి. ఇంకొకటి గమనించాను. ఎండాకాలమంతా వాడకుండా వదిలేసిన గీజరు కార్తీకమాసంలో మొదటిసారి వేయగానే ట్రిప్ చేస్తుంది. ఎలిమెంటు లోపల ఉండే తెల్లటి పొడి గాలిలో తేమను పీల్చుకుంటుంది. వేడెక్కితే ఆరుతుంది గనుక రెండు మూడుసార్లు ప్రయత్నిస్తే నిలబడవచ్చు కూడా. అలా నిలబడిందని స్నానానికి వెళ్లకండి. ఎలిమెంటు పరీక్ష చేయించాకే వాడండి. గీజరు దగ్గర తడి ఒంటితో, వట్టికాళ్లతో నిలబడతాం. ఇంట్లో రాజీ పడకూడని వస్తువు ఏదైనా ఉంటే ఇదే.

మల్టీమీటరు ఉన్నవారు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. గీజరు ప్లగ్ పూర్తిగా బయటికి తీసి, గీజరు మీది స్విచ్ ఉంటే ఆన్‌లో పెట్టి, ప్లగ్ మీది లావు పిన్నుకూ మిగతా రెండు పిన్నులకూ మధ్య రెసిస్టెన్సు చూడండి. మీటరు పెద్ద రేంజ్‌లో కూడా ఏమీ చూపకూడదు. కిలో ఓముల్లో అంకె కనిపిస్తే ఆ వస్తువును పక్కన పెట్టేయండి. ఏమీ చూపకపోతే బాగుందని మాత్రం అనుకోవద్దు. మల్టీమీటరు పెట్టేది చిన్న బ్యాటరీ వోల్టేజీ, 230 వోల్టుల దగ్గర మాత్రమే బయటపడే లీకేజీ దానికి కనిపించదు.

*వాషింగ్ మెషిన్.* ఉతుకు మొదలైన ఎన్నో నిమిషానికి పడిందో రాయండి. వేడినీళ్ల ప్రోగ్రాములోనే పడితే హీటరు. నీళ్లు బయటికి పంపేటప్పుడు పడితే డ్రెయిన్ పంపు. వేగంగా తిరిగేటప్పుడు పడితే కదలికకు ఒరిసిపోయిన వైరు. మెకానిక్‌కి ఈ మాట చెబితే ఆయన పని సగం అయిపోయినట్టే.

*ఏసీ బయటి యూనిట్.* చీమలు, బల్లులు బోర్డులోకి దూరతాయి. వాన మొదలైన రోజుల్లో ఇవి ఎక్కువ. బోరు మోటారు స్టార్టరు పెట్టెలోనూ ఇదే గొడవ. మోటారు కేబులుకు లోపల నీళ్లలో వేసిన జాయింటు పాడైతే మోటారు వేయగానే ఆర్‌సీసీబీ పడుతుంది. అదే ఎంసీబీ పడుతుంటే కెపాసిటరు, తక్కువ వోల్టేజీ, పట్టేసిన మోటారు.

*గోడలో మేకు.* కొత్త క్యాలెండరుకో, ఫొటోకో, కొత్త ఫాల్స్ సీలింగుకో కొట్టిన మేకు లోపలి వైరు తొడుగును గీరుతుంది. ఎండాకాలం ఏమీ అవ్వదు. గోడ చెమ్మగిల్లాక మొదలవుతుంది. ట్రిప్పింగ్ మొదలయ్యే ముందు నెలలో ఇంట్లో ఎక్కడ డ్రిల్లింగ్ చేశారో గుర్తు తెచ్చుకోండి. ఫాల్స్ సీలింగు పైన ఎలుకలు కొరికిన వైర్లు కూడా ఇలాగే దాగి ఉంటాయి.

*గేటు లైటు, సజ్జ కింది లైటు, కాలింగ్ బెల్, మేడ మీది ప్లగ్.* వానకు మొదట తడిసేవి ఇవే. బల్బు హోల్డరులోకి నీళ్లు చేరడం చాలు. కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి బయటి బోర్డుల్లోని స్క్రూలు తుప్పు పట్టి తేమను ఇంకా పట్టి ఉంచుతాయి. స్లాబు మీద నీళ్లు నిలిచే ఇంట్లో ఆ నీరు పైపుల్లోంచి కిందికి దిగి ఫ్యాను బాక్సు దాకా వస్తుంది. ఫ్యాను చుట్టూ సీలింగ్ మీద పసుపు మరక కనిపిస్తే అదే గుర్తు.

ఇంకొక రకం ఉంది, అందులో ఏ ఒక్కటీ దొంగ కాదు. కంప్యూటరు, ఇన్వర్టర్ ఏసీ, టీవీ, ఇండక్షన్ స్టవ్, ఇలాంటి ఎలక్ట్రానిక్ వస్తువులన్నీ బాగున్నప్పుడు కూడా ఎర్త్‌లోకి కొద్దిగా కరెంటు వదులుతాయి. ఒక్కోటి ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు వదిలినా ఇల్లంతా ఒకే ఆర్‌సీసీబీ కింద ఉంటే అన్నీ కలిసి పదిహేను దాటతాయి. అప్పుడు చిన్న తేమ చాలు, పడిపోతుంది. ఇలాంటి ఇంట్లో ఏది పీకినా తగ్గినట్టే ఉంటుంది, ఏది పెట్టినా వచ్చినట్టే ఉంటుంది. దీనికి మందు ఆర్‌సీసీబీ తీసేయడం కాదు, ఇంటిని రెండు మూడు భాగాలు చేసి ఒక్కోదానికి వేరే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టడం. ఆర్‌సీసీబీల్లో టైప్ ఏసీ, టైప్ ఏ అని రకాలుంటాయి (ఈ ఏసీ ఎయిర్ కండిషనర్ కాదు). కొత్తగా పెట్టేటప్పుడు టైప్ ఏసీ కాకుండా టైప్ ఏ అడగండి. ఇన్వర్టర్ ఏసీలు, ఇండక్షన్ స్టవ్‌లు ఉన్న ఇళ్లకు టైప్ ఏసీ కంటే అది నయం.

నాలుగోది: ప్లగ్‌లన్నీ పీకినా పడుతుంటే

అన్ని ఎంసీబీలూ దించి ఆర్‌సీసీబీ ఎత్తండి. నిలబడితే ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుతూ వెళ్లండి, ఏది ఎత్తినప్పుడు పడిందో ఆ లైనులో ఫేజు ఎర్త్‌కు జారుతోందని ముందు అనుమానించండి.

అన్నీ దించినా ఆర్‌సీసీబీ పడిపోతుంటే "అయితే ఇదే పాడైంది" అని తేల్చేస్తారు. తొందరపడకూడదు. పైన చెప్పుకున్న గోడ మీది స్విచ్ లాగే మామూలు ఎంసీబీ కూడా ఫేజునే తెంపుతుంది. ఏదో ఒక లైనులో న్యూట్రల్ వెళ్లి ఎర్త్‌కు తగిలి ఉంటే ఎంసీబీలన్నీ దించినా పడగలదు. తేల్చే పద్ధతి సులువు, కానీ ఎలక్ట్రీషియన్ చేయాలి: మెయిన్ ఆపి, ఆర్‌సీసీబీ నుంచి ఇంట్లోకి వెళ్లే రెండు వైర్లూ విప్పి, మళ్లీ మెయిన్ వేసి అప్పుడు ఎత్తి చూడటం. నిలబడి, టెస్ట్ బటన్ నొక్కితే పడితే ఆర్‌సీసీబీ బాగున్నట్టే, తప్పు ఇంట్లోనే ఉంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా కొత్త ఆర్‌సీసీబీ కొనకండి.

ఇప్పుడు ఇన్వర్టర్ సంగతి. మన ఇళ్లలో ట్రిప్పింగుకు ఇదీ ఒక కారణమని చాలామందికి తెలియదు. ఇల్లు కట్టిన కొన్నేళ్లకు ఇన్వర్టర్ పెట్టిస్తాం. వచ్చినవారు ఫేజు ఇన్వర్టర్ నుంచి ఇచ్చి, న్యూట్రల్ దగ్గరలో ఏది దొరికితే దానికి కలిపేస్తారు. ఆ న్యూట్రల్ ఆర్‌సీసీబీకి ముందుదైనా, త్రీఫేజ్ ఇంట్లో మరో ఆర్‌సీసీబీ కిందిదైనా, వెళ్లిన కరెంటు ఒక దారిన, వచ్చిన కరెంటు మరో దారిన పోతుంది. ఎక్కడా లీకేజీ లేదు, అయినా ఆర్‌సీసీబీ లెక్క తప్పుతుంది. దీని గుర్తు: ఒక ప్రత్యేకమైన లైటో ఫ్యానో వేసినప్పుడు, లేదా కరెంటు పోయి వచ్చిన క్షణంలో పడటం. కొత్త గది వేసినప్పుడు, రెండు లైన్ల న్యూట్రళ్లు ఒకే స్విచ్‌బోర్డులో కలిపినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మీ ఇంట్లో ట్రిప్పింగ్ ఇన్వర్టర్ పెట్టించిన తర్వాతే మొదలైతే, ఎలక్ట్రీషియన్‌కి మొదట చెప్పాల్సిన మాట అదే. మేడ మీద సోలార్ పెట్టించాక మొదలైతే అదీ చెప్పండి. సోలార్ ఇన్వర్టర్ లైను ఎక్కడ కలిపారు, ఏ ఆర్‌సీసీబీ వెనుక ఉంది అన్నది చూడాలి.

పాత వైరింగులో మిగిలిన తప్పుల్ని తేల్చేది మెగ్గర్, అంటే వైరు తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు. 500 వోల్టులతో ఒక్కో లైనునూ ఎర్త్‌తో పరీక్షిస్తారు. ఒక మెగా ఓము కంటే తక్కువ వస్తే ఆ లైను బాగాలేదు. మంచి వైరింగులో పదుల్లో, వందల్లో వస్తుంది. ముందు టీవీ, కంప్యూటరు లాంటివన్నీ పీకేయాలి, లేకపోతే ఆ వోల్టేజీకి పాడవుతాయి. పిలిచేటప్పుడే "మెగ్గర్ ఉందా? లీకేజీ క్లాంప్ మీటరు ఉందా?" అని అడగండి. టెస్టరు, స్క్రూడ్రైవరు మాత్రమే ఉన్న మనిషి ఎంత అనుభవజ్ఞుడైనా ఈ పనిలో ఊహించగలరు తప్ప తేల్చలేరు. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి క్లాంపు మీటరులో పెడితే ఎన్ని మిల్లీ ఆంపియర్లు జారుతున్నాయో ఇల్లు నడుస్తుండగానే కనిపిస్తుంది. అప్పుడప్పుడూ వచ్చే తప్పుకు ఇంతకంటే మంచి పరికరం లేదు.

ఎంసీబీ పడుతుంటే

ఇది తేలిక. లెక్క వేయాలి. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 230తో గుణిస్తే 3680 వాట్లు. వంటింట్లో ఇండక్షన్ స్టవ్ 2000, కెటిల్ 1500, ఓవెన్ 1200 కలిస్తే 4700. వెంటనే పడదు, పావుగంటో అరగంటో మోసి అప్పుడు పడుతుంది. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలున్నప్పుడే పడుతుందంటే అదే కారణం. ఒకేసారి నడపడం మానండి, లేదా వంటింటికి ఇంకో లైను వేయించండి. 16 తీసి 32 పెట్టమని మాత్రం ఎవరినీ అడగకండి, ఎవరైనా పెడతానన్నా ఒప్పుకోకండి. గోడలో ఉన్నది 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, అది 32 ఆంపియర్లు మోయలేదు. ఎంసీబీ పడదు, గోడలో వైరు కాలుతుంది.

లెక్క సరిపోయినా పడుతుంటే వేడి చూడండి. ఎంసీబీలను 30 డిగ్రీల ఉష్ణోగ్రతకు సరిచేసి తయారు చేస్తారు. మే నెలలో పడమటి గోడ మీద ఎండ తగిలే డీబీలో లోపలి వేడి దానికంటే ఎంతో ఎక్కువ. అందుకే చలికాలం మోసిన లోడునే ఎండాకాలం మోయలేక పడుతుంది. స్క్రూ వదులైనా అక్కడ వేడి పుడుతుంది. ఒక ఎంసీబీ మాత్రమే పక్కవాటికంటే వేడిగా ఉన్నా, అంచు గోధుమ రంగుకు తిరిగినా, కాలిన వాసన వచ్చినా ఆ లైను వాడకుండా దించి ఉంచి, ఆ రోజే మనిషిని పిలవండి. మోటారు వేసిన క్షణంలోనే పడుతుంటే ఎంసీబీ మీద బి ఉందా సి ఉందా చూడండి. బి రకం తన సామర్థ్యానికి మూడు నుంచి అయిదు రెట్లు రాగానే పడుతుంది, సి రకం అయిదు నుంచి పది రెట్ల దాకా ఆగుతుంది. మోటార్లకు, ఏసీలకు సి కావాలి.

తప్పు దొరికాక

బాగుచేయించిన రోజు తేదీ నోట్‌బుక్‌లో రాయండి. ఇంతకుముందు ఎన్ని రోజులకొకసారి పడేదో దానికి మూడు రెట్ల కాలం గడిచేదాకా రాయడం ఆపకండి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ అప్పుడే ఒకసారి నొక్కండి. కరెంటు ఉన్నప్పుడు నొక్కగానే పడాలి. పడకపోతే అది మనుషుల్ని కాపాడే స్థితిలో లేదని అర్థం, మార్చాల్సింది అప్పుడు. ఆ తర్వాత నెలకొకసారి నొక్కండి. మేం కరెంటు బిల్లు కట్టిన రోజు నొక్కుతాం, అలా అయితే మరచిపోం.

ఎర్త్ గుంత ఎక్కడుందో తెలియకపోతే ఈ సందర్భంలోనే వెతికి, ఎర్త్ వైరు నిజంగా దానికి కలిసి ఉందో లేదో చూపించుకోండి. ఎర్త్ లేకపోతే గీజరు బాడీలోకి కరెంటు వచ్చినా ఆర్‌సీసీబీకి తెలియదు. ఎవరైనా ముట్టుకున్నప్పుడే తెలుస్తుంది.

చివరగా డీబీ మూత లోపల ఒక కాగితం అతికించండి. ఏ ఎంసీబీ దేనిదో తెలుగులో, పెద్ద అక్షరాలతో: వంటింటి పవర్ ప్లగ్‌లు, గీజరు, మేడ మీది గది, మోటారు. అర్ధరాత్రి ఫోన్ వెలుగులో, మీరు ఇంట్లో లేనప్పుడు, దాన్ని చదవాల్సింది మీ అమ్మగారో పిల్లలో కావచ్చు.